కొత్త క్లచ్‌కు కిలోమీటర్లు తెలియవు

క్లచ్ మార్పించుకుని కారు తెచ్చుకునే రోజున తాళాలతో పాటు ఒక అంకె కూడా చేతికి వస్తుంది. ఒకరికి 500, ఇంకొకరికి 800, మరొకరికి 1000. "అన్ని కిలోమీటర్లు కాస్త నిదానంగా నడపండి సార్, ఆ తర్వాత మీ ఇష్టం" అంటారు. నాకు చెప్పిన అంకె 800. దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. అయినా ఆ క్లచ్ ఏడాది తిరగకుండానే పోయింది. ఎందుకు పోయిందో అర్థమయ్యాక నాకు ఆ అంకె మీదే కోపం వచ్చింది. ఈ వ్యాసానికి ఆ కోపమే కారణం.

జరిగింది చెబుతాను. క్లచ్ వేయించిన మూడో రోజే దూరప్రయాణం పడింది. పోనూ రానూ 780 కిలోమీటర్లు, దాదాపు అంతా నాలుగు వరసల రహదారి. ఐదో గేరులో, 80 దాటకుండా, ముందు బండిని దాటెయ్యాలన్న తొందర లేకుండా నడిపాను. ఇంటికి చేరేసరికి మీటరు మీద 800 పూర్తయింది. మొక్కు తీరినంత తేలిక అనిపించింది. మరుసటి వారం ఐదుగురం, డిక్కీ నిండా సామాను, కొండదారి. పైన ఎక్కడో లారీ ఒకటి ఆగిపోయి బళ్లన్నీ బారులు తీరాయి. ముప్పావుగంట సేపు ఆ ఎత్తులో పది అడుగులు ముందుకు కదలడం, మళ్లీ ఆగడం. క్లచ్ సెట్ అయిపోయిందన్న, అంటే కొత్త ప్లేటు ఒదిగిపోయిందన్న ధీమాతో, ఆగిన ప్రతిసారీ బ్రేకు తొక్కకుండా, పెడల్ సగం వదిలి హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టాను. కాసేపటికి కాలిన వాసన లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి మొదటి గేరులో కదిలిన ప్రతిసారీ కారు ఒళ్లంతా వణికేది. కొన్ని నెలలకు నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను రొద పెరిగేది, వేగం మాత్రం పెరిగేది కాదు.

గేరుబాక్సు దించిన మెకానిక్ వేరే ఆయన. పాత ప్లేటు తీసి వెలుతురుకు పట్టి చూపించారు. ప్లేటుకు రెండు వైపులా ఒరిపిడి కోసం ఉండే లైనింగు మీద నిగనిగలాడే పొర ఉంది. ఆ ప్లేటు ఆనే బరువైన ఇనుప చక్రం, ఫ్లైవీల్, దాని ముఖం మీద అక్కడక్కడ నీలం మచ్చలున్నాయి. "ఇది అసలు సెట్టే అవ్వలేదు సార్" అన్నారు. 800 దాటించాకే బరువు వేశానని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట అడిగారు: "ఆ 800లో క్లచ్ ఎన్నిసార్లు తొక్కారు?"

ఆ రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. బయలుదేరినప్పుడు, బంకుల్లో, టోల్ గేట్ల దగ్గర, ఊళ్లలోకి దిగినప్పుడు. ఎంత ఉదారంగా లెక్కేసినా కారు ఆగి మళ్లీ కదిలింది నలభై సార్లకు మించదు. 800 కిలోమీటర్ల పేరుతో నేను ఆ క్లచ్‌కు ఇచ్చిన శిక్షణ అంతా కలిపి ఆ నలభై కదలికలే.

క్లచ్ పని తీరు ఒకసారి కళ్ల ముందు నిలుపుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంజను వెనుక తిరిగే ఫ్లైవీల్‌కూ, దానికి బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. పెడల్ మీద కాలు లేనప్పుడు డయాఫ్రమ్ స్ప్రింగు వందల కిలోల బలంతో ఈ మూడింటినీ అదిమి ఉంచుతుంది. అప్పుడు మూడూ ఒకే ముద్దలా తిరుగుతాయి. వాటి మధ్య ఒరిపిడి ఉండదు, అరుగుదల ఉండదు. పెడల్ వదులుతున్న ఆ ఒకటి రెండు సెకన్లలో మాత్రమే ఒకటి వేగంగా, మరొకటి నెమ్మదిగా తిరుగుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. కొత్త క్లచ్ సెట్ అయ్యేది ఆ సెకన్లలోనే. ఐదో గేరులో పది గంటలు పరిగెత్తిన కారులో క్లచ్ పది గంటలు కదలకుండా కూర్చున్నట్టు. కొత్త చెప్పులను సంచిలో వేసుకుని పది మైళ్లు నడిచినా అవి కాలికి అలవాటు పడవు కదా!

మరి 800 ఎక్కడి నుంచి వచ్చింది? 500 మైళ్లను కిలోమీటర్లలోకి మారిస్తే 805 వస్తుంది. క్లచ్‌లు తయారుచేసేవారు చాలామంది ఇచ్చే సలహా ఈ 500 మైళ్లే. అయితే ఆ సలహాలో అంకె పక్కనే ఒక షరతు ఉంటుంది: ఊళ్లో, ఆగుతూ కదులుతూ నడిపిన 500 మైళ్లు. నోటి నుంచి నోటికి చేరేసరికి అంకె మిగిలింది, షరతు రాలిపోయింది. వైద్యుడు రాసిన చీటీలో మందు పేరు పోయి "మూడు పూటలా" అన్న మాట మాత్రమే మిగిలితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

సెట్ అవ్వడం అంటే ఏమిటో తెలియకుండా షరతు విలువ తెలియదు. చేత్తో తడిమితే ఫ్లైవీల్ ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది. కొత్త లైనింగు కూడా చదునుగానే కనిపిస్తుంది. రెండింటినీ ఆనిస్తే మొత్తం ముఖం మొత్తం ముఖాన్ని తాకుతుందని అనుకుంటాం. నిజానికి తాకేది అందులో చాలా చిన్న భాగమే. ఘర్షణ మీద డేవిడ్ టేబర్‌తో కలిసి కేంబ్రిడ్జిలో జీవితకాలం పనిచేసిన శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫిలిప్ బౌడెన్ దీనికి ఒక పోలిక చెప్పారు: రెండు ఘనపదార్థాలను ఒకదాని మీద ఒకటి పెట్టడం స్విట్జర్లాండ్‌ను తలకిందులు చేసి ఆస్ట్రియా మీద బోర్లించడం లాంటిది. శిఖరాలు శిఖరాలను తాకుతాయి, లోయలన్నీ ఖాళీగా ఉండిపోతాయి. క్లచ్‌లో ఇంజను బలం మొత్తం మొదటి రోజుల్లో ఆ కొద్ది శిఖరాల మీదుగానే చక్రాలకు చేరాలి. వేడి పుట్టేది కూడా అక్కడే.

ఒక్కో కదలికకు ఆ శిఖరాలు కొంచెం కొంచెం అరుగుతాయి. వడ్రంగి చిత్రిక పడుతున్నప్పుడు మొదట చెక్క మిట్టల నుంచే పొట్టు లేచి, రానురానూ చిత్రిక మొత్తం చెక్కకూ ఆనుతుంది. ఇక్కడా అంతే. తాకే చోట్లు పెరుగుతాయి, భారం పంచుకునే చోట్లు పెరుగుతాయి, వేడి పరుచుకుంటుంది. లైనింగులోని పదార్థం పలుచని పొరగా ఇనుము మీదికి చేరి రెండు ముఖాలూ ఒకదానికొకటి ఒదుగుతాయి. ఇందుకు ఖర్చయ్యే మందం చాలా తక్కువ. లైనింగులో అరగడానికి ఉన్నదే రెండు వైపులా కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు. అందులో సెట్ అవ్వడానికి పోయేది కంటికి ఆనదు.

ఈ పని పూర్తికాకముందే వేడి ఎక్కువైతే ఏమవుతుంది? మామూలు కార్ల లైనింగు గాజు పోగులు, రాగి లేదా ఇత్తడి తీగలు, రబ్బరు వంటివాటిని ఫినాలిక్ రెసిన్ అనే జిగురుతో కలిపి గట్టిపరిచిన పదార్థం. వేడి హద్దు దాటితే రెసిన్ చెడిపోయి, లైనింగు పైన గాజులాంటి గట్టి పొర ఏర్పడుతుంది. మెకానిక్‌లు దాన్నే గ్లేజింగ్ అంటారు. నాకు చూపించిన నిగనిగ అదే. గ్లేజు పట్టిన ముఖానికి పట్టు తక్కువ, పట్టు తక్కువైతే జారుడు ఎక్కువ, జారుడు ఎక్కువైతే వేడి మరింత ఎక్కువ. ఇనుము వైపున జరిగేది ఇంకా దారుణం. వేడెక్కిన మిట్ట వ్యాకోచించి మరింత పైకి లేస్తుంది. లేచిన మిట్ట మీద ఒత్తిడి పెరిగి అది ఇంకా వేడెక్కుతుంది. తన మంటను తానే ఎగదోసుకునే ఈ ధోరణిని జె. ఆర్. బార్బర్ అనే పరిశోధకుడు 1969లో గణితంతో వివరించారు. ఇనుము మీద నీలం రంగు తేలిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపులకు చేరిందని అర్థం. ఇంకా ఎక్కువ కాలి చప్పున చల్లారిన చోట్లలో ఇనుము లోపలి అమరికే మారి, చుట్టుపక్కల కంటే గట్టిగా, ఎత్తుగా తయారవుతుంది. ఆ మచ్చలు తిరుగుతూ లైనింగును ఒకసారి పట్టుకుని, ఒకసారి వదిలేస్తుంటే కారు వణుకుతుంది. ఆ వణుకును ఆ తర్వాత ఏ జాగ్రత్తా పోగొట్టలేదు.

ఎంత వేడి అన్నది ఊహకు వదిలెయ్యక్కర్లేదు, హైస్కూలు భౌతికశాస్త్రంతో లెక్క కట్టవచ్చు. చదునైన దారిలో, ఇంజనును ఒకే వేగంలో ఉంచి క్లచ్ వదిలితే, క్లచ్ పూర్తిగా పట్టుకునే క్షణానికి కారు పొందిన గతిజశక్తి ఎంతో, క్లచ్‌లో పుట్టిన వేడి కూడా సుమారు అంతే. మొదటి గేరులో చాలా కార్లు 1500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 1200 కిలోల కారుకు ఆ వేగంలో గతిజశక్తి 6.7 కిలోజౌళ్లు. అదే 3000 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలితే వేగం 24, వేడి 27 కిలోజౌళ్లకు దగ్గర. ఇంజను వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. కొత్త క్లచ్ విషయంలో పాటించాల్సిన నియమం ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను: కదిలేటప్పుడు ఇంజనును అరిపించవద్దు. మిగిలిన జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

నేను కొండదారిలో చేసినది ఈ లెక్కకు కూడా అందదు. వంద మీటర్లకు పది మీటర్లు ఎక్కే దారిలో అదే కారును 1500 ఆర్‌పీఎం దగ్గర హాఫ్ క్లచ్ మీద నిలబెడితే, కారు అంగుళం కదలకపోయినా, క్లచ్‌లో సుమారు నాలుగు కిలోవాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. స్నానాలగదిలో నీళ్లు కాచే రెండు కిలోవాట్ల గీజర్లు రెండింటిని, గాలి సరిగా ఆడని క్లచ్ డొప్పలో పెట్టి మీట వేసినట్టు. అలా పది సెకన్లు నిలబెడితే చదును నేల మీద ఆరుసార్లు కదిలినంత వేడి. నేను ముప్పావుగంటలో అలా ఎన్ని పది సెకన్లు నిలబెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. హ్యాండ్ బ్రేకు నా చేతి పక్కనే ఉంది.

"ఈ కాలపు క్లచ్‌లకు ఇవేవీ అక్కర్లేదు" అనేవారు చాలామంది ఉన్నారు. వారి మాటలో సగం నిజం ఉంది. కంపెనీ తరహా లైనింగులను ఇప్పుడు చక్కగా చదును చేసి, బాగా గట్టిపరిచి పంపుతున్నారు. ఊళ్లో మామూలుగా నడిపే మనిషి దగ్గర అవి యజమానికి తెలియకుండానే సెట్ అయిపోతాయి. కానీ వారు తెచ్చే ఉదాహరణ ఎప్పుడూ కొత్త కారే: "షోరూము నుంచి తెచ్చిన రోజు నుంచి ఇష్టం వచ్చినట్టు నడిపాను, లక్ష కిలోమీటర్లు వచ్చింది." కొత్త కారులో మూడు ముఖాలూ కొత్తవే. మార్పించిన క్లచ్‌లో ప్లేటు కొత్తది, ప్రెషర్ ప్లేటు కొత్తది, ఫ్లైవీల్ మాత్రం చాలాసార్లు పాతదే. దాని మీద పాత ప్లేటు గీసిన గీతలుంటాయి, పాత యజమాని కాల్చిన మచ్చలుంటాయి. కొత్త లైనింగు ఆ పాత ముఖానికి సరిపడేలా అరగాలి. ఫ్లైవీల్‌ను లేతులో చదును చేయించినా, మార్చేసినా ఆ పని తగ్గుతుంది, పూర్తిగా తప్పదు. కొత్త కారు పెళ్లినీ ఈ రెండో పెళ్లినీ ఒకే తూకంలో వెయ్యడం నాకు న్యాయంగా తోచదు.

రెండో వాదన నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే అది తెలిసినవారి నోటి నుంచి వస్తుంది. కొత్త బ్రేకు ప్యాడ్లను సెట్ చెయ్యడానికి వేగంగా పోయి గట్టిగా బ్రేకు వెయ్యమంటారు కదా, క్లచ్‌ను కూడా నాలుగుసార్లు గట్టిగా లాగించి వేడి చేస్తే తొందరగా సెట్ అవుతుందని వారి నమ్మకం. బ్రేకు డిస్కు చక్రం వెనుక, గాలిలో తిరుగుతుంది. బ్రేకు వేసిన తర్వాత కారు పోతున్నంత సేపూ దానికి గాలి తగులుతూ చల్లారుతుంది. క్లచ్ ఉన్నది మూసిన డొప్పలో. అక్కడ పుట్టిన వేడి ఇనుములోకి ఇంకి, మెల్లగా బయటికి రావాలి. ప్రెషర్ ప్లేటు పలుచన కాబట్టి అది ముందు వేడెక్కి, సమంగా వ్యాకోచించక వంపు తిరిగే ప్రమాదం కూడా ఉంది. బ్రేకుకు ఒక హద్దు ఉంది: కారులో ఉన్న గతిజశక్తి అయిపోతే వేడి ఆగుతుంది. క్లచ్ వెనుక ఇంజను ఉంది. పెట్రోలు ఉన్నంత సేపు అది వేడి పోస్తూనే ఉండగలదు. ఈ రెండూ ఘర్షణతోనే పనిచేస్తాయన్న ఒక్క పోలిక చూసి ఒకే వైద్యం చెయ్యడం తప్పు.

ఇంతా చెప్పి, రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సెట్ అవ్వడం అన్న మాట బిగింపులో జరిగిన లోపాలకు ముసుగు కాకూడదు. "కొత్త క్లచ్ కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది" అని పంపించేసే మాట నేనూ విన్నాను. నాలుగు రోజుల్లో నిజంగా సర్దుకునేవి కొన్నే. మొదటి రోజుల్లో కదిలేటప్పుడు వచ్చే సన్నని అదురు రోజురోజుకూ తగ్గుతుంటే భయం లేదు. పెడల్ పాతదానికంటే తేలిగ్గా ఉండటం, క్లచ్ పట్టుకునే చోటు కిందికి మారడం మామూలే. రెండు లైనింగుల నడుమ అలలా వంచిన సన్నని ఉక్కు రేకులుంటాయి, అవి మొదట్లో కొంచెం అణుగుతాయి. అందుకే కేబుల్‌తో పనిచేసే క్లచ్ అయితే కొన్ని వారాల తర్వాత పెడల్ ఆటను, అంటే క్లచ్ మీద పని మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరాన్ని, మళ్లీ సరిచూడాలి.

అదురు తగ్గకపోయినా, పెరుగుతున్నా సంగతి వేరు. లైనింగు మీద నూనె పడి ఉండవచ్చు. ఇంజను వెనుక ఆయిల్ సీలు కారుతుంటే దాన్ని మార్చకుండా క్లచ్ మాత్రం మార్చడం చిల్లుకుండకు కొత్త మూత పెట్టడమే. ప్రెషర్ ప్లేటు తుప్పు పట్టకుండా పూసి పంపిన నూనెను తుడవకుండా బిగించి ఉండవచ్చు. కవరు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించకుండా ఒక్కోటీ చివరిదాకా బిగిస్తూ పోయి ఉండవచ్చు. పెడల్ పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు గరగరలాడుతుంటే క్లచ్ విడవడం లేదని అర్థం. దానికి కారణం హైడ్రాలిక్ గొట్టంలో గాలో, కేబుల్ సర్దుబాటో. వీటిలో ఏ ఒక్కటీ నడపగా నడపగా బాగుపడేది కాదు. ఇలాంటివాటికి ఓపిక పట్టమని చెప్పేవారి మాట వినకండి, బండిని వెంటనే తీసుకెళ్లి చూపించండి.

నేను చెబుతున్నదంతా పైన చెప్పిన రెసిన్ రకం, ఆర్గానిక్ అనే మామూలు లైనింగు గురించి. కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పోగులతో చేసిన లైనింగు సెట్ అవ్వడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, ఓపిక కూడా ఇంకా ఎక్కువ కావాలి. పందెం కార్ల సిరామిక్ ప్లేట్ల పద్ధతి వేరు, అవి నా అనుభవంలో లేనివి.

కొత్త క్లచ్ వేయించి రెండు వారాలు దాటింది. ఈసారి ఫ్లైవీల్ చదును చేయించాను, వెనుక సీలు మార్పించాను. మెకానిక్ ఈసారి అంకె చెప్పలేదు, "రోజూ ఏ దారిలో తిరుగుతారు?" అని అడిగారు. నేను ఆఫీసుకు పోయే దారి ఒకవైపు 11 కిలోమీటర్లు. అందులో ఆగి కదిలేవి ఇరవై, అటూ ఇటూగా. కిలోమీటరుకు ఒక్క కదలిక చొప్పున తక్కువలో తక్కువ లెక్కేసినా, ఆ పాత 800 కిలోమీటర్ల సలహాలో 800 కదలికలున్నాయి. కాబట్టి నా మటుకు నేను 800 కదలికలు అని పెట్టుకున్నాను. దారిలో మనసులో లెక్కపెట్టుకుని, కారు ఆపాక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇది నా సొంత లెక్క, ఏ కంపెనీ చెప్పినదీ కాదు. కానీ 800 కిలోమీటర్ల కంటే ఇది ఆ ప్లేటుకు అర్థమయ్యే భాష అని నా నమ్మకం.

నడిపే తీరులో పెద్ద మార్పేమీ లేదు. ఇంజను 1500 లోపు ఉండగానే పెడల్ వదిలి, పట్టుకున్నాకే యాక్సిలరేటర్ ఇస్తున్నాను. ఆగితే న్యూట్రల్, ఎత్తులో ఆగితే హ్యాండ్ బ్రేకు. గేరు మార్చాక ఎడమకాలు పెడల్ మీద ఉంచకుండా పక్కన పెట్టడం అన్నిటికంటే కష్టమైంది, ఆ కాలికి పదిహేనేళ్ల అలవాటు ఉంది. బరువులు, కొండలు, మరో బండిని లాగడం ప్రస్తుతానికి లేవు. మొదటి రెండు రోజులు సన్నగా అదిరింది. ఐదో రోజుకు నేను వెతికితే తప్ప తెలియలేదు. వాసన ఒక్కసారి కూడా రాలేదు.

మా తమ్ముడి కూతురు ఈ కారు మీదే డ్రైవింగు నేర్చుకుంటానని పట్టుబడుతోంది. నేర్చుకునేవారి కాలు క్లచ్‌ను ఎలా పట్టి వదులుతుందో మనందరికీ తెలుసు, మనమూ అలాగే నేర్చుకున్నాం. నిన్న సాయంత్రం నోటుబుక్కు తెరిచి చూపించాను. 562 దగ్గర ఉంది. "ఇంకో వారం ఆగమ్మా" అన్నాను. తను వేళ్ల మీద లెక్కేసి, "వచ్చే గురువారం అవుతుంది పెదనాన్నా" అంది.